సెన్సర్ మార్చినా మళ్లీ వెలిగిన లైటు

ప్రశ్న: మాది ఎనిమిదేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 92 వేల కిలోమీటర్లు తిరిగింది. చెక్ ఇంజన్ లైటు వెలిగితే స్కాన్ చేసి పి0011 కోడ్ అన్నారు, క్యామ్ సెన్సర్ మార్చారు. నాలుగు రోజులకే లైటు మళ్లీ వచ్చింది. సిగ్నల్ దగ్గర ఆగితే బండి వణుకుతోంది. ఇప్పుడేమో టైమింగ్ చైన్ మార్చాలంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. మార్చక తప్పదా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చైన్ పనికి అప్పుడే ఒప్పుకోకండమ్మా. ముందు బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడండి.

ఇంజన్లోకి గాలి వదిలే వాల్వులను తెరిచే కడ్డీ ఇన్‌టేక్ క్యామ్‌షాఫ్ట్. దాన్ని తిప్పే గొలుసే టైమింగ్ చైన్. పి0011 అంటే ఆ క్యామ్‌షాఫ్ట్ ఉండాల్సిన చోటుకంటే ముందుకు తిరిగి ఉందని అర్థం. ఆ సంగతి కంప్యూటర్‌కి చెప్పిందే సెన్సర్. సెన్సర్ సర్క్యూట్లోనే లోపముంటే మామూలుగా పి0340 లాంటి కోడ్ వస్తుంది.

ఇలాంటి బళ్లలో ఎక్కువగా క్యామ్‌ను ముందుకూ వెనక్కూ జరిపేది ఇంజన్ ఆయిలే. ఆయిల్ కంట్రోల్ వాల్వ్ అనే, కరెంటుతో కదిలే చిన్న సోలినాయిడ్ ఆ ఆయిల్‌ను వదులుతుంది, ఆపుతుంది. మడ్డి పడితే వాల్వ్ తెరుచుకున్న చోటే ఇరుక్కుంటుంది, క్యామ్ వెనక్కి రాదు. ఆగినప్పుడు వణుకు అందుకే వస్తుంది. పోయిన వేసవిలో మా షెడ్డుకు ఇదే కోడ్‌తో ఒక కారు వచ్చింది. అప్పటికే సెన్సరూ, వాల్వూ రెండూ మార్చేశారు. ఊడదీస్తే కొత్త వాల్వ్ జాలీ కూడా నల్లగా మూసుకుపోయి ఉంది. ఆయిల్ మార్చి రెండేళ్లయిందట! అంత డబ్బు అనవసరంగా పోయిందే అని ఆ రోజంతా బాధపడ్డాను.

మీ బండి మాన్యువల్లో రాసిన గ్రేడ్ ఆయిల్, కొత్త ఫిల్టర్ వేయించండి. వాల్వ్ తీయించి జాలీ కడిగించండి. దాని రెండు పిన్నులకు బ్యాటరీ కరెంటు ఒక్క క్షణం తగిలిస్తే టక్కుమని కదలాలి. కదలకపోతే అప్పుడు మార్చండి. తర్వాత కోడ్ చెరిపించి వారం తిరగండి.

చైన్ అనుమానం ఎప్పుడంటే, పొద్దున్నే స్టార్ట్ చేయగానే ముందు వైపు గలగలమని చప్పుడు వచ్చినా, క్యామ్‌షాఫ్ట్‌కీ, పిస్టన్లకు కలిపి ఉండే క్రాంక్‌షాఫ్ట్‌కీ లెక్క కుదరలేదని చెప్పే పి0016 కోడ్ తోడైనా. అప్పుడు మాత్రం బండి నడపకండి. చైన్ పళ్లు దాటితే చాలా ఇంజన్లలో క్యామ్‌షాఫ్ట్ తెరిచే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి.

కోడ్ చెరిపే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ తెరను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. కోడ్ పడ్డప్పుడు ఇంజన్ ఎంత వేడిగా ఉందో, ఎంత ఆర్‌పీఎమ్‌లో ఉందో అందులో ఉంటుంది. లైటు మళ్లీ వెలిగితే ఆ ఫొటో మాకు పంపండి.