సీడీలో 264 దగ్గర శిఖరం రావట్లేదు: సమాధానం

డీఎన్ఏ ముక్కను మడత పెట్టినా సీడీలో (మెలి తిరిగిన కాంతిని డీఎన్ఏ ఎలా పీల్చుకుంటుందో చూసి దాని ఆకారం చెప్పే పరీక్ష) 264 నానోమీటర్ల దగ్గర శిఖరం రావట్లేదని అడిగారు. మీ బఫర్‌లో (డీఎన్ఏను ఉంచే ద్రావణంలో) పొటాషియం లేదు. సి-మిక్ (క్యాన్సర్‌తో ముడిపడిన జీన్) ప్రమోటర్ ముక్క, అంటే ఆ జీన్‌ను నడిపే డీఎన్ఏ భాగం, జి-క్వాడ్రుప్లెక్స్‌గా (గ్వానిన్ అనే డీఎన్ఏ అక్షరాలు నాలుగేసి చేరి పలకలుగా పేర్చుకునే కట్టడంగా) మడత పడకపోవడానికి కారణం అదే అయ్యుంటుంది. మీరు రాసినదాంట్లో ట్రిస్, ఈడీటీఏ మాత్రమే ఉన్నాయి. నాలుగేసి గ్వానిన్ల పలకల మధ్య పొటాషియం అయాన్ కూర్చుంటేనే ఆ కట్టడం గట్టిగా నిలుస్తుంది.

చాలామంది పొరపాటు ఒక్కచోటే: చల్లారాక ఉప్పు (పొటాషియం క్లోరైడ్) కలుపుతారు. వేడి చేయకముందే కలపాలి.

1. ట్రిస్ 10 మిల్లీమోలార్, పీహెచ్ 7.5, పొటాషియం క్లోరైడ్ 100 మిల్లీమోలార్.
2. 95 డిగ్రీల్లో 5 నిమిషాలు.
3. రాత్రంతా మెల్లగా చల్లారనివ్వండి, ఐసులో పెట్టొద్దు. మీ పర్లాకిమిడిలో కరెంటు పోతుందని టెన్షన్ వద్దు. మరిగిన నీళ్ల గిన్నెలో ట్యూబులు తేలేలా పెట్టి, పొయ్యి కట్టేసి, మూతపెట్టి దుప్పటి చుట్టండి. రాయగడలో నేను అలాగే చేసేదాన్ని.

264 దగ్గర పైకి, 240 దగ్గర కిందికి గీత వస్తే సమాంతర రూపం (పేటలన్నీ ఒకే దిక్కుకు ఉండే మడత) వచ్చినట్టే. పోల్చి చూడడానికి గ్వానిన్లు మార్చిన, మడత పడలేని ముక్కను పక్కన తప్పక నడపండి.

మడత పడితే జీన్ పని ఎందుకు తగ్గుతుందని కూడా అడిగారు. మామూలు జంటపేట డీఎన్ఏ మీద కూర్చుని జీన్‌ను నడిపే ప్రొటీన్లకు అక్కడ చోటు దొరకదన్నది ఒక వివరణ. కానీ ట్యూబులో మడత కణంలో మడతకు రుజువు కాదు, దానికి రిపోర్టర్ పరీక్ష (ప్రమోటర్‌కు సులువుగా కొలవగలిగే జీన్ తగిలించి కణంలో చూడడం) వేరే చేయాలి.