మూడు నెలలుగా ఒకటే కటా!

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. కరాటే మాస్టారు మూడు నెలలుగా ఒకటే కటా (దెబ్బలు, అడ్డుకోవడాలు వరుసగా కూర్చిన కదలికల సాధన) చేయిస్తున్నారు. మాస్టారిని మార్చమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అప్పుడే మార్చకండమ్మా. జపాన్‌లోని ఒకినావా దీవిలో బడిపంతులుగా పనిచేసిన ఫునకోషి గిచిన్ 1922లో టోక్యో వెళ్లి కరాటేను ప్రదర్శించారు. ఆయన గురువు అసాటో అంకో రాత్రిళ్లు తన పెరట్లో ఒకే కటాను నెలల తరబడి చేయించేవారు. అది కుదిరేదాకా తర్వాతిది చెప్పేవారే కాదు. ఇంకో గురువు ఇతోసు అంకో బడిపిల్లల కోసం పినాన్ అని ఐదు చిన్న కటాలు కూర్చారు. నా ఇరవై ఏళ్ల క్లాసుల్లో రెండు పద్ధతులూ పనికొచ్చాయి. ఒకసారి వెళ్లి చూడండి. మాస్టారు కిందికి వంగి బాబు వెనక కాలి మడమను నేలకు ఆనిస్తున్నారా, కుర్చీలో కూర్చుని లెక్కపెడుతున్నారా? రెండోదైతే నాకు మళ్లీ రాయండి.