ఇండిపెండెంట్ లివింగ్ అంటే ఎవరి సాయమూ లేకుండా బతకడమా?

కాదు, వికలాంగుల ఉద్యమంలో ఆ మాటకు అర్థం తన జీవితం గురించిన నిర్ణయాలు తనే తీసుకోవడం. పొద్దున ఎన్నింటికి లేవాలి, ఏం తినాలి, ఎక్కడ ఉండాలి అన్నవి డాక్టరో ఇంట్లోవాళ్లో తేల్చేస్తుంటే, ఒళ్లు ఎంత కదిలినా ఆ మనిషి చేతిలో ఏమీ లేనట్టే. అందుకే ఉద్యమం సాయం వద్దనలేదు, దాని మీద అజమాయిషీ అడిగింది.

అమెరికాలో ఈ ఉద్యమాన్ని ముందుండి నడిపినవాళ్లలో ఒకరైన ఎడ్ రాబర్ట్స్‌కు 14 ఏళ్ల వయసులో పోలియో వచ్చి మెడ కింద దాదాపు అంతా చచ్చుబడింది. ఎడమచేతి రెండు వేళ్లు, కాలివేళ్లు కొన్ని మాత్రం కదిలేవి. రాత్రిళ్లు ఐరన్ లంగ్ అనే శ్వాస యంత్రంలోనే నిద్ర. బట్టలు తొడగడానికీ అన్నం పెట్టడానికీ మనుషులు ఉండేవారు. 1962లో బర్కిలీ యూనివర్సిటీలో చేరారు. 1972లో అక్కడే మిత్రులతో కలిసి, వికలాంగులే నడుపుకునే ఇండిపెండెంట్ లివింగ్ సెంటర్‌ను నడిపించడం మొదలుపెట్టారు. ఒకప్పుడు ఆయన్ని ఉద్యోగానికి పనికిరాడని తేల్చిన కాలిఫోర్నియా పునరావాస శాఖకే 1975లో డైరెక్టర్ అయ్యారు (ఆ శాఖవాళ్ల మొహాలు చూడాల్సింది!).

చాలామంది ఇండిపెండెంట్ లివింగ్ అంటే కుటుంబాన్ని వదిలి ఒంటరిగా ఉండటం అనుకుంటారు. అమ్మానాన్నలతో ఒకే ఇంట్లో ఉంటూ కూడా ఇండిపెండెంట్‌గా బతకొచ్చు, తన మాట అక్కడ చెల్లితే.