ఫైనల్ రాత్రి నీ వంటింటికి

చిట్టితల్లీ,

జులై 19 ఆదివారం రాత్రి నీ ఫ్లాటులో ఇరవై మంది చేరి ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఫైనల్ చూస్తారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నీ సంపాదనతో, నీ ఇంట్లో, నలుగురిని పిలిచి పెట్టే మొదటి విందు. విని పొంగిపోయాను. ఆట నడుస్తుండగా బజ్జీలు, పునుగులు వేడివేడిగా వేసి అందిస్తావని కూడా చెప్పింది. ఇక నాకు నిద్ర పట్టలేదు.

ఆట మనకు అర్ధరాత్రి పన్నెండున్నరకు మొదలు. అందరినీ అన్నం తినే రమ్మను. టీ ఫ్లాస్కులో పోసి ఉంచు. కొబ్బరి పచ్చడి అంతసేపు నిలవదు, పల్లీ పచ్చడి చెయ్యి. చంటిపిల్లలు వస్తే వేయించిన పల్లీలు వాళ్ళ చేతికి అందనివ్వకు, గొంతుకు అడ్డం పడతాయి.

నూనె మూకుడు మాత్రం ఆ రాత్రి పొయ్యి మీదికి రాకూడదు. ఎందుకో మీ నాన్న నీకు చెప్పి ఉండడు.

1986 జూన్ 29. మెక్సికోలోని ఆజ్‌టెకా మైదానంలో అర్జెంటీనా, పశ్చిమ జర్మనీల ఫైనల్. ఇక్కడ రాత్రి పదకొండున్నర. నల్లకుంటలో మా అద్దె ఇంట్లో, వీధిలో సగం మంది మా టీవీ ముందే ఉన్నారు. నాకు ఇరవై ఏళ్ళు, మీ నాన్నకు ఎనిమిది. నేను వంటింట్లో కిరోసిన్ స్టవ్వు ముందు పీట వేసుకుని మిరపకాయ బజ్జీలు వేస్తున్నాను. అర్జెంటీనా రెండు గోల్స్ ముందుంది, ఇక చూసేదేముందిలే అనుకున్నాను. జర్మనీ ఒకటి కొట్టింది. కాసేపటికి రెండోదీ కొట్టింది. ఆగలేక, మంట అలాగే వదిలి గుమ్మం దాకా వచ్చాను. ఒక్క నిమిషమే అనుకున్నాను. అర్జెంటీనా ఆటగాడు మారడోనా చుట్టూ జర్మన్లు మూగి ఉండగానే బంతిని ముందుకు తోశాడు. అతని జట్టులోని బురుచాగా దాన్ని అందుకుని, పరుగెత్తుకెళ్ళి గోల్ చేశాడు. ఇల్లంతా కేకలు. నేనూ అరిచాను. అందులో మీ నాన్న అరుపు నాకు వినబడలేదు. బజ్జీలు మాడుతున్నాయని వాడే వెళ్ళి చిల్లుల గరిటెతో తిప్పబోయాడు.

ఎవరో సిరా పోశారు, ఎవరో ఉప్పు తెమ్మన్నారు. కుళాయి కింద చెయ్యి పెట్టించాలన్న తెలివి ఒక్కరికీ లేకపోయింది. నువ్వు గుర్తుంచుకో: ఒళ్ళు కాలితే వెంటనే ఇరవై నిమిషాలు చల్లని కుళాయి నీళ్ళు, మంచుముక్కలూ పేస్టూ వద్దు. వాడు ఆసుపత్రిలో కట్టు కడుతున్నప్పుడు కూడా "అక్క తప్పు లేదు" అంటూనే ఉన్నాడు. ఆ మచ్చ సైకిల్ మీద నుంచి పడితే వచ్చిందని నీకు చెప్పే ఉంటాడు. నలభై ఏళ్ళుగా నా కోసం చెబుతున్న అబద్ధం అది.

ఇంత గట్టిగా చెబుతున్నానని నొచ్చుకోకు తల్లీ. బజ్జీలకు బదులు గుంత పొంగనాలు చెయ్యి, అచ్చం బంతుల్లాగే ఉంటాయి. నూనె చెంచాడు చాలు. పన్నెండు గుంటల పెనం మీద రెండు వాయలు వేస్తే ఇరవై నాలుగు: ఆటగాళ్ళు ఇరవై రెండు, బంతి ఒకటి, రుచి చూడడానికి నీకొకటి. వెడల్పాటి పళ్ళెంలో కొత్తిమీర పచ్చడి పరిచి, గట్టి పెరుగుతో మధ్యగీత, గుండ్రం గీసి, వాటిని రెండు జట్లుగా నిలబెట్టు. ఒక జట్టు పిండిలో క్యారెట్ తురుము కలిపితే రంగు తేడా తెలుస్తుంది. తినడానికి మరో నాలుగు వాయలు వేసి మూత పెట్టు. అన్నీ పన్నెండు లోపే అయిపోవాలి.

మొక్కజొన్న పుట్టిల్లు మెక్సికోయే. అక్కడి వీధుల్లో కూడా దానికి నిమ్మరసం, కారం పట్టిస్తారు. ఈ వానల్లో లేత కండెలు దొరుకుతాయి, గింజలు ఉడికించి గిన్నెల్లో పెట్టు. అర్జెంటీనా ఫైనల్‌కు వస్తే వాళ్ళ ఎంపనాడాలు చెయ్యి. మన కజ్జికాయలాగే అంచు మడిచి, లోపల కూర పెట్టి, ఓవెన్‌లో కాల్చడమే. ఏ జట్లో తేలడానికి గురువారం తెల్లవారుతుంది, అప్పటిదాకా సరుకులు కొనకు. 2022 ఫైనల్ 3-3తో పెనాల్టీల దాకా వెళ్ళింది, అలా సాగితే తినడానికి కొంత దాచి ఉంచు.

మీ నాన్నను పిలిచావో లేదో మీ అమ్మ చెప్పలేదు. పిలువు. ఆ రాత్రి వాడు చివరి గోల్ చూడలేదు. వాడిని టీవీకి ఎదురుగా కూర్చోబెట్టు, వంటింట్లోకి రానివ్వకు.

మా అమ్మ వాడిన ఇనుప పొంగనాల పెనం శనివారం బస్సులో పంపిస్తాను. నూనె రాసి గుడ్డలో చుట్టాను. సబ్బు పెట్టి తోమకు.

నీ మేనత్త