వీసా చేతికొచ్చింది కదా, దుబాయ్‌లో ఎందుకు ఆపుతారు?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. అన్న దుబాయ్‌లో ఉంటాడు. వదినకు కాన్పు దగ్గరపడిందని 58 ఏళ్ల అమ్మను 60 రోజుల విజిట్ వీసా మీద రమ్మంటున్నాడు. అమ్మ పాస్‌పోర్టులో 'నర్సవ్వ' అని పేరు ఒక్కటే ఉంది, ఇంటిపేరు గడి ఖాళీ. ఈసీఆర్ (పనికి వెళ్లాలంటే మన ప్రభుత్వ ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలనే ముద్ర) అని కూడా ఉంది. షుగర్‌కు, అరికాళ్ల మంటలకు మందులు వాడుతుంది. తొమ్మిదో తరగతితో చదువాపేసిన మా తమ్ముణ్ని (24) కూడా విజిట్ మీదే పంపి, అక్కడ పనిలో పెట్టిస్తానని ఒక ఏజెంటు 40 వేలు తీసుకున్నాడు. వీసా ఉంటే చాలు, ఎవరూ అడగరంటున్నాడు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. శంషాబాద్‌లో విమాన సంస్థ కౌంటరు, మన ఇమిగ్రేషన్, దుబాయ్ ఇమిగ్రేషన్, చివర్లో అక్కడి కస్టమ్స్. వీళ్లలో ఎవరు అడ్డుపడినా ప్రయాణం ఆగిపోతుంది. అమ్మగారికి, తమ్ముడికి చిక్కులు వేరు కాబట్టి విడివిడిగా చెబుతాను.

అమ్మగారి విషయంలో ముందు సరిచేయాల్సింది పేరు. పాస్‌పోర్టులో ఒకే పదం పేరుగా ఉన్నవాళ్లను విజిట్, టూరిస్ట్ వీసాల మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో నిబంధన పెట్టింది. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే కొంత సడలింపు ఉంటుందని తర్వాత వివరణ ఇచ్చారు. అయినా దాన్ని నమ్ముకుని టికెట్ కొనమని నేను చెప్పను. అక్కడ దిగనివ్వకపోతే వెనక్కి తీసుకురావాల్సిన భారం విమాన సంస్థదే. అందుకే అనుమానం వస్తే కౌంటరులోనే బోర్డింగ్ పాస్ ఆపేస్తారు. తెల్లవారుజామున ఆ కౌంటరు ముందు నిలబడి సర్క్యులర్ చూపించి గెలిచేది ఏమీ ఉండదు.

ముందుగా ఆధార్‌లో ఇంటిపేరు చేర్పించండి. తర్వాత పాస్‌పోర్ట్ సేవ వెబ్‌సైటులో రీ-ఇష్యూకు పెట్టి, వ్యక్తిగత వివరాల మార్పు కారణంగా చూపండి. 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. ఆధార్‌లోని ఇంగ్లిషు స్పెల్లింగే దరఖాస్తులో అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. చాలా ఫైళ్లు ఆగేది అక్కడే. కొత్త పాస్‌పోర్టు వచ్చాకే వీసాకు పెట్టండి. పాత నంబరు మీద ముందే తీయిస్తే ఆ డబ్బు పోయినట్టే.

అదే దరఖాస్తులో ఈసీఆర్ కూడా తీయించుకోవచ్చు. 50 ఏళ్లు దాటినవాళ్లకు, చదువు లేకపోయినా, ఆ ముద్ర అక్కర్లేదు. నిజానికి ఉద్యోగానికి కాకుండా చూసి రావడానికి వెళ్లేవాళ్లకు 2007 అక్టోబరు నుంచే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరం లేదు. వీసా, తిరుగు టికెట్ చూపిస్తే చాలు. కానీ ముద్ర లేకపోతే కౌంటరులో ప్రశ్నలు తగ్గుతాయి.

ప్రయాణం నాటికి పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. తిరుగు టికెట్, మీ అన్న ఎమిరేట్స్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) కాపీ, ఆయన ఇంటి ఎజారీ (అద్దె ఒప్పందం), ఆయన ఫోన్ నంబరు కాగితం మీద ముద్రించి అమ్మ చేతిసంచిలో పెట్టండి. ఫోన్‌లో ఉంటే చాలదు, చార్జింగ్ అయిపోతే ఆమె ఏం చూపిస్తుంది? ఖర్చులకు సరిపడా దిర్హాములు, లేదా ఆ మేరకు పనిచేసే కార్డు చూపమని అడగొచ్చు. గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా. కాన్పు ఆలస్యమైతే గడువు ముగిసేలోపే పొడిగింపుకు పెట్టాలి.

నాకు వీసా కంటే సంచి గురించే ఎక్కువ భయం. అరికాళ్ల మంటలకు మన డాక్టర్లు తరచుగా రాసే ప్రిగాబాలిన్ యూఏఈలో నియంత్రిత మందు. ట్రమడాల్, కొడీన్, నిద్రకు వాడే ఆల్‌ప్రజోలామ్ కూడా అంతే. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదవండి. బ్రాండు పేరు చూసి వదిలేయొద్దు. అది నియంత్రిత మందుల జాబితాలో ఉంటే డాక్టరు చీటీ, జబ్బు వివరాల ఉత్తరం జతచేసి ప్రయాణానికి ముందే అక్కడి ప్రభుత్వ ఆన్‌లైన్ అనుమతి తీసుకోవాలి. అలాంటి మందు 30 రోజులకు మించి పెట్టొద్దు. స్ట్రిప్పులు కత్తిరించి డబ్బాలో పోయకండి.

ఇంకోటి గసగసాలు. అక్కడ అవి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. విడిగా పొట్లం కట్టకపోయినా, ఇంట్లో పట్టించిన మసాలా పొడిలో ఉన్నా అంతే. బాలింత కోసమని తమలపాకులు కూడా కట్టకండి, అవీ నిషిద్ధమే. పక్కింటివాళ్లు "మావాడికి ఇవ్వండి" అని ఇచ్చే మూట విప్పి చూడకుండా అసలు తీసుకోవద్దు. సంచి ఎవరి చేతిలో ఉంటే కేసు వాళ్ల మీదే.

ఇక తమ్ముడు. అతన్ని ఈ దారిన పంపొద్దు. పదో తరగతి లేదు కాబట్టి అతనిది ఈసీఆర్ పాస్‌పోర్టే అవుతుంది. పనికి వెళ్లాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం క్లియరెన్స్ తప్పనిసరి. చూసి రావడానికని చెప్పి పనికి వెళ్తున్నాడని మన ఇమిగ్రేషన్‌కు అనుమానం వస్తే శంషాబాద్‌లోనే దించేస్తారు. దాటిపోయినా అక్కడ పర్మిట్ లేని పని నేరం. యజమానికి లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా జరిమానా ఉంది కనుక తనిఖీ వస్తే ముందు అతన్నే వదిలించుకుంటాడు. జీతం ఎగ్గొడితే చూపించడానికి ఒప్పందం ఉండదు. సరైన పద్ధతిలో వెళ్లే ఈసీఆర్ కార్మికుడికి ఉండే ప్రవాసీ భారతీయ బీమా యోజన, అంటే 10 లక్షల బీమా, ఇతనికి రాదు.

సరైన పద్ధతి ఇది: యజమాని ఆఫర్ లెటర్, దాని మీద అక్కడి కార్మిక శాఖ వర్క్ పర్మిట్, ఎంట్రీ పర్మిట్, ఈ-మైగ్రేట్‌లో (పనికి విదేశాలకు వెళ్లేవాళ్ల కోసం మన ప్రభుత్వం నడిపే వెబ్‌సైటు) క్లియరెన్స్, ఆ తర్వాతే విమానం. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లోని లైసెన్సుదారుల జాబితాలో ఉందో లేదో వెతకండి. లైసెన్సున్నవాడు కూడా 30 వేలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. మీవాడు అప్పుడే 40 వేలు లాగాడు.

లైసెన్సు లేకుండా మనుషుల్ని పంపడం ఎమిగ్రేషన్ చట్టం 10, 24 సెక్షన్ల కింద నేరం, రెండేళ్ల దాకా జైలు. జరిమానా మాత్రం రెండు వేల రూపాయలే. 1983 నాటి అంకె మరి. అందుకే ఫిర్యాదులో భారతీయ న్యాయ సంహిత 318(4), మోసం సెక్షన్ కూడా రాయించండి. దానికి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ముందు డబ్బు వాపసు అడుగుతూ వాట్సాప్‌లో రాతపూర్వకంగా పంపండి, ఫోన్ చేసి తిట్టడం వల్ల ఆధారం మిగలదు. యూపీఐ రసీదులు, వాయిస్ మెసేజీలు చెరపకండి. నగదు ఇచ్చి ఉంటే ఇచ్చిన తేదీ, చోటు, పక్కన ఎవరున్నారో ఈరోజే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పాస్‌పోర్టు అతని దగ్గరే ఉంటే ఫిర్యాదుకు ముందే ఏదో ఒక సాకుతో వెనక్కి తీసుకోండి.