ఓపెన్ డేకి వెళ్ళే ముందు

బ్రాడీపేట, గుంటూరు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఐదేళ్ళు పళ్ళ డాక్టరు చదివి ఇప్పుడు పబ్లిక్ హెల్త్ అంటోంది. హైదరాబాద్‌లో ఏదో కాలేజీ ఓపెన్ డే అట, చేరాలనుకునేవాళ్ళు వచ్చి చూసుకునే రోజట, పోతానంటోంది. నువ్వన్నా చెప్పు" అన్నాడు. "పోనివ్వరా, నువ్వు కూడా వెళ్ళు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, ఏమడగాలో దానికి రాసి పంపు" అన్నాడు. అందుకే ఈ ఉత్తరం.

ముప్పై ఏళ్ళు మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్, అంటే ఒక్క రోగి కాదు ఊరి మొత్తం ఆరోగ్యం చూసే సబ్జెక్టు, చెప్పాను. ఇలాంటి రోజుల్లో బల్లకి అవతల కూర్చుని వచ్చిన పిల్లలకి జవాబులు చెప్పినవాణ్ణి. మేం ఏవి పదేపదే చెప్తామో, ఏవి అడిగితే తప్ప చెప్పమో నాకు తెలుసు. ఫీజు ఎంత, సీట్లు ఎన్ని, ఎంట్రన్స్ ఎప్పుడు అన్నవి కాగితం మీదే ఉంటాయి. వాటికోసం రైలెక్కి వెళ్ళనక్కర్లేదు.

ముందు ఇంట్లోనే ఒక పని చెయ్యి. నీదైన ప్రశ్న ఒకటి తయారు చేసుకో.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడలో మీ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు పడవలో వచ్చిన పాలపాకెట్లు మీరు మేడమీదికి తాడుతో లాక్కున్నారు కదా. నీళ్ళు తీశాక, మీ వీధిలో పదకొండుమందికి జ్వరమనీ, చాలామందికి కాళ్ళమీద దురదలనీ నువ్వే నాకు చెప్పావు. "పదకొండుమంది సరే, ఎంతమందిలో?" అని అడిగాను. నువ్వు ఆగిపోయావు. సగం వీధి అప్పటికే తెనాలికో, గుంటూరుకో, చుట్టాల ఇళ్ళకి వెళ్ళిపోయింది. ఉన్నవాళ్ళెంతమంది? వెళ్ళినచోట జ్వరం వచ్చినవాళ్ళని ఎవరు లెక్కపెట్టారు? చిన్నప్పుడు భిన్నాలు నేర్చుకున్నావే, లవం, హారం అని. జబ్బుపడ్డవాళ్ళు లవం. ఆసుపత్రి చీటీలు చూస్తే అది దొరుకుతుంది. హారం ఆసుపత్రిలో దొరకదు, వీధిలోకి వెళ్ళి వెతకాలి. పబ్లిక్ హెల్త్ చదువులో పెద్దభాగం ఆ వెతుకులాటే అమ్మలూ. అది నీకు నచ్చితేనే ఈ దారికి రా.

ఈ ప్రశ్ననే అక్కడికి పట్టుకెళ్ళు. ఎపిడెమియాలజీ, అంటే జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తోందో లెక్కతీసే శాస్త్రం, చెప్పే మేష్టారెవరో కనుక్కుని, గుంపు పలచబడ్డాక వెళ్ళి, "మా వీధిలో ఇలా జరిగింది సార్, ఎలా లెక్కపెట్టి ఉండాల్సింది?" అని అడుగు. "మంచి ప్రశ్న, చేరితే నేర్పిస్తాం" అంటే నమస్కారం పెట్టి ఇవతలికి వచ్చెయ్. అలా కాకుండా ఆయన పెన్ను తీసి నిన్నే ఎదురడిగారనుకో: వీధిలో ఇళ్ళెన్ని, ఆశా వర్కర్ దగ్గర రిజిస్టరు తడవకుండా మిగిలిందా, వెళ్ళినవాళ్ళ ఫోన్ నంబర్లు పక్కింటివాళ్ళ దగ్గర ఉంటాయా. అప్పుడు ఆయన దగ్గర చదువుకో. భవనం పాతదైనా ఫరవాలేదు.

ఏలూరు సంగతి కూడా కదిలించి చూడు. 2020 డిసెంబరులో అక్కడ ఉన్నట్టుండి వందలమంది ఫిట్స్ వచ్చి పడిపోయారు. మన మంగళగిరి ఎయిమ్స్ వాళ్ళు వెళ్ళారు, నమూనాలు ఢిల్లీ ఎయిమ్స్ దాకా వెళ్ళాయి. రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయన్నారు, పురుగుమందుల మీద కూడా అనుమానం నడిచింది. గంట ప్రయాణం దూరంలో జరిగిన ఆ సంగతిని క్లాసులో విప్పి చెప్పే చోటుకీ, పరాయి దేశపు పాఠ్యపుస్తకంలోని ఉదాహరణతోనే సరిపెట్టే చోటుకీ చాలా తేడా ఉంటుంది.

ఇక ఫీల్డ్, అంటే ఊళ్ళోకి వెళ్ళి జనం మధ్య చేసే పని. దీని గురించి నిన్ను కూర్చోబెట్టి చెప్పాలని ఉంది, ఉత్తరంలోనే చెప్తున్నాను.

చాలా ఏళ్ళ కిందట నా దగ్గర చదివిన ఒకమ్మాయి పబ్లిక్ హెల్త్‌లో చేరతానంటే నేనే ఒక సంస్థ పేరు చెప్పాను. వాళ్ళ ఓపెన్ డేకి వెళ్ళొచ్చింది. ఆడిటోరియం బాగుంది, కాఫీ బాగుంది, పల్లెలో వాళ్ళ ఫీల్డ్ సెంటర్ ఫొటో పుస్తకం అట్టమీద ఉంది. చేరింది. చేరిన నాలుగు నెలలకి ఫోన్ చేసి ఏడ్చింది. ఫీల్డ్ సెంటర్ అంటే రెండు గదులు, వాటికి తాళం. వారానికి ఒకసారి బస్సు వెళ్ళి, అరుగుమీద ఫొటో దిగి, వెనక్కి వస్తుందట. ఆ పిల్ల రెండేళ్ళు అలాగే వెళ్ళదీసింది. తప్పు నాది. "ఫొటో కాదు, చోటు చూపించమను" అని నేను ముందే చెప్పలేదు. ఇప్పటికీ ఆ ఫోన్ గుర్తొస్తే మనసు పాడవుతుంది.

కాబట్టి నువ్వు చూపించమని అడుగు. ఆ రోజు కుదరకపోతే ఏ రోజు కుదురుతుందో అడుగు. మీకు సొంత ఫీల్డ్ ఏరియా ఉందా, లేక దగ్గర్లోని పీహెచ్‌సీతో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతో) మాట్లాడుకుంటారా? ఏడాదిలో ఎన్ని రోజులు ఊళ్ళో ఉంటాం? బస్సు ఖర్చు ఎవరిది? థీసిస్‌కి మేమే ఇల్లిల్లూ తిరిగి సమాచారం తెస్తామా, ఎప్పుడో ఎవరో తెచ్చినది కంప్యూటర్లో తిప్పుతామా? రెండోది తప్పేం కాదు, జాతీయ సర్వేల సమాచారంతో మంచి పనులే జరిగాయి. కానీ ఒక్క ఇంటి తలుపు కూడా తట్టకుండా పట్టా తీసుకోకు.

సీనియర్లతో మాట్లాడు. కండువా వేసుకుని దారి చూపించడానికి నిలబెట్టిన పిల్లలతో కాదు, వాళ్ళు చెప్పాల్సిందే చెప్తారు. మెస్‌కి వెళ్ళి భోజనం చెయ్యి, రెండో సంవత్సరం పిల్లల పక్కన కూర్చో. "గైడ్ నెలకి ఎన్నిసార్లు దొరుకుతారు? ఎథిక్స్ కమిటీ అనుమతికి ఎన్నాళ్ళు పట్టింది?" అని అడుగు. ఎథిక్స్ కమిటీ అంటే మనుషుల మీద చేసే పరిశోధనకి ముందుగా అనుమతి ఇచ్చేవాళ్ళు. ఈ రెండిటికీ వాళ్ళు చెప్పే జవాబు వింటే అక్కడి రెండేళ్ళ బతుకు నీకు కనిపిస్తుంది.

ఉద్యోగాల సంగతి మీ నాన్న అడుగుతాడు, అడగనీ. కానీ తెర మీద కంపెనీల గుర్తులు చూపిస్తే సరిపోదని వాడికి చెప్పు. రెండేళ్ళ కిందటి బ్యాచ్‌లో నీలాగే బీడీఎస్ చేసినవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు, ఏ హోదాలో ఉన్నారు, కాంట్రాక్టా పర్మనెంటా, అది అడగాలి. ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) చేస్తే నువ్వు మెడికల్ ఆఫీసరువి కావు, ఎంబీబీఎస్ అడిగే పోస్టులు నీకు రావు. ఈ మాట ఇప్పుడే తెలిసి ఉండాలి. రీసెర్చ్ ప్రాజెక్టులు, స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ కార్యక్రమాల్లో కాంట్రాక్టు పనులు, మొదట్లో ఎక్కువగా ఇవే ఉంటాయి. కొన్నాళ్ళు జీతం క్లినిక్ పెట్టిన నీ స్నేహితుల కంటే తక్కువే ఉండొచ్చు.

ఒక్క చోటే చూసి ఆగిపోకు. హైదరాబాద్‌లోనే ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) ఉంది, 2008లో మొదలైంది. సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఎంపీహెచ్ ఉంది. తిరువనంతపురంలో శ్రీచిత్రా వైద్య సంస్థవాళ్ళ అచ్యుత మీనన్ సెంటర్ 1997 నుంచీ ఎంపీహెచ్ చెప్తోంది, చెన్నైలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళ ఎపిడెమియాలజీ సంస్థ ఉంది. ఆ రెండూ గట్టి చోట్లు. కాకపోతే అక్కడ పల్లెలోకి వెళ్తే మలయాళమో తమిళమో కావాలి. దుబాసీని పెట్టుకుని అడిగిన ప్రశ్నకి సగం జవాబే వస్తుంది. తెలుగు ఊళ్ళో అయితే "అత్తా, మంచినీళ్ళు ఎక్కణ్ణించి తెచ్చుకుంటున్నారు?" అంటే చాలు, ముసలమ్మ మొత్తం కథ చెప్తుంది.

అమెరికా కాలేజీల ఓపెన్ డేలు జూమ్‌లో చూస్తానన్నావట, చూడు. న్యూయార్క్ వైపు సాయంత్రం ఆరంటే మనకి వేసవిలో తెల్లవారుజామున మూడున్నర, చలికాలంలో నాలుగున్నర, అలారం పెట్టుకో. అక్కడ రెండే అడుగు. సీఈపీహెచ్ (అక్కడ పబ్లిక్ హెల్త్ చదువులకి గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉందా? నువ్వు చేరే విభాగం స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కిందికి వస్తుందా? బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య సమాచారానికి వాడే గణాంకశాస్త్రం), ఎపిడెమియాలజీ మామూలుగా వస్తాయి, జనరల్ పబ్లిక్ హెల్త్ రాదు. చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే 12 నెలలకి తోడు స్టెమ్ అయితే ఇంకో 24 నెలలు అడగొచ్చు. ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తీసుకునేవాళ్ళకి అది చిన్న తేడా కాదు.

లెక్కలంటే భయమన్నావని మీ అమ్మ చెప్పింది. హైదరాబాద్‌ వెళ్ళినప్పుడు బయోస్టాటిస్టిక్స్ క్లాసు ఒకటి వెనక బెంచీలో కూర్చుని వింటానని అడుగు. చాలాచోట్ల కాదనరు. మొత్తం అర్థం కాకపోయినా కంగారుపడకు. మేష్టారు సూత్రంతో మొదలుపెట్టారా, ఒక ఊరితో మొదలుపెట్టారా అన్నది మాత్రం గమనించు.

ముందురోజే వెళ్ళండి. ఆ రోజు పొద్దున్నే గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సికింద్రాబాద్ చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది, అప్పటికి మాటలన్నీ అయిపోయి టీ కప్పులు మిగులుతాయి. నడవడానికి వీలైన చెప్పులు వేసుకో. సర్టిఫికెట్ల ఫైలు మొయ్యొద్దు, చిన్న నోట్‌బుక్ చాలు.

తిరుగు రైల్లో కూర్చున్నాక నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. హాస్టల్ సంగతి తర్వాత వింటాను. మీ వీధి లెక్క అడిగినప్పుడు ఎవరు పెన్ను తీశారో అది ముందు చెప్పు.

మీ పెద్దనాన్న