సైకిల్ గట్టిగానే ఉంది, కంట్రోలర్ పోయిందట... కొత్తది కొనాల్సిందేనా?

ప్రశ్న: నా ఎలక్ట్రిక్ సైకిల్ కొని నాలుగేళ్లయింది. ఈమధ్య డిస్‌ప్లే వెలుగుతోంది గానీ మోటార్ తిరగడం లేదు, ఏదో ఎర్రర్ కోడ్ వస్తోంది. షాపువాళ్లు కంట్రోలర్ పోయిందన్నారు, ఆ మోడల్ ఆపేశారు కాబట్టి పార్టులు రావు, కొత్తది కొనుక్కోమంటున్నారు. ఫ్రేమ్, చక్రాలు, బ్రేకులు అన్నీ బాగున్నాయి. ఇక ఇది బాగుపడదా?

జవాబు: అప్పుడే కొత్తది కొనకండి. కంట్రోలర్, అంటే బ్యాటరీ నుంచి మోటార్‌కి కరెంటు ఎంత వెళ్లాలో నియంత్రించే బోర్డు, పోయిందని ఏం పరీక్షించి చెప్పారో ముందు అడగండి, ఎందుకంటే ఇవే లక్షణాలు చాలా చిన్న లోపాలకీ కనిపిస్తాయి. చాలా సైకిళ్లలో బ్రేక్ లీవర్ దగ్గర ఒక స్విచ్ ఉంటుంది, బ్రేక్ నొక్కగానే మోటార్‌ని ఆపడం దాని పని. అది ఇరుక్కుపోతే మీరు బ్రేక్ వదిలినా పట్టుకునే ఉన్నారనుకుని కంట్రోలర్ కరెంటు ఇవ్వదు. కనెక్టర్లలో నీళ్లు చేరడం, పిన్ను వంగడం, పెడల్ దగ్గరి సెన్సార్ అయస్కాంతాలున్న రింగుకి దూరంగా జరగడం కూడా మామూలే. మల్టీమీటర్ పట్టడం వచ్చిన మెకానిక్ ఎవరైనా వీటిని చూడగలరు, ఎర్రర్ కోడ్ అర్థం మాన్యువల్‌లోనే ఉంటుంది.

నిజంగా కంట్రోలరే పోయిందనుకుందాం. మోటార్ చక్రంలోనే ఉంటే, అంటే హబ్ మోటార్ అయితే, మీది బాగుపడే అవకాశం ఎక్కువ. సాధారణంగా అందులోకి వెళ్లేవి మూడు లావు వైర్లు, మోటార్ ఏ స్థితిలో ఉందో కంట్రోలర్‌కి చెప్పే హాల్ సెన్సార్ల కోసం సన్న వైర్లు, అంతే. వోల్టేజీ, ఆంపియర్లు సరిపోయే వేరే కంపెనీ కంట్రోలర్ పెట్టొచ్చు, కాకపోతే డిస్‌ప్లే కూడా దానికి జతగా వచ్చేదే తీసుకోవాలి, ఎందుకంటే ఆ రెండూ ఒకే పద్ధతిలో మాట్లాడుకోకపోతే ఏదీ పనిచేయదు.

పెడళ్ల దగ్గరుండే మిడ్ డ్రైవ్ మోటార్ అయితే కష్టమే. బేరింగులు, లోపలి నైలాన్ గేరు మార్చేవాళ్లు దొరుకుతారు, కానీ మోటార్, మీరు తొక్కే బలాన్ని కొలిచే టార్క్ సెన్సార్, కంట్రోలర్ బోర్డు అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. పైగా కొన్ని కంపెనీల మోటార్లు తమ బ్యాటరీని గుర్తుపడితేనే ఆన్ అవుతాయి. నాకు కోపం వచ్చేది ఇక్కడే. సెన్సార్లు పెరిగాయి, సాఫ్ట్‌వేర్ వచ్చింది, సరే, కష్టమైన యంత్రాన్నైనా నేర్చుకుని బాగుచేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, కానీ పనిచేసే పార్టు చేతిలో ఉన్నా కంపెనీ కోడ్ ఒప్పుకోదు కాబట్టి బిగించలేకపోవడం కొన్నవాళ్లకి చేసే అన్యాయం. నెదర్లాండ్స్ కంపెనీ వాన్‌మూఫ్ 2023 జులైలో దివాలా తీసినప్పుడు, సర్వర్లు ఆగిపోతే యాప్‌తో తెరుచుకునే తమ సైకిళ్ల గతేమిటని కొన్నవాళ్లు హడలిపోయారు. వాళ్లు తమ సైకిళ్ల డిజిటల్ తాళంచెవులను ముందే దాచుకోవడానికి పోటీ కంపెనీ కౌబాయ్ అప్పటికప్పుడు ఒక యాప్ ఇవ్వాల్సి వచ్చింది!

యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన బ్యాటరీ చట్టం ఈ విషయంలో మంచి పని చేసింది. 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే ఎలక్ట్రిక్ సైకిళ్ల బ్యాటరీని, లోపలి సెల్స్‌తో సహా, బయటి నిపుణుడు కూడా విప్పి మార్చగలిగేలా ఉండాలి, సాఫ్ట్‌వేర్‌తో అడ్డుకోకూడదు. మోడల్ అమ్మకం ఆగాక కూడా కనీసం 5 ఏళ్లు బదులు బ్యాటరీలు దొరకాలి.

ప్రశ్న: బ్యాటరీలో పాత సెల్స్ తీసి కొత్తవి వేస్తామని ఒక చిన్న షాపులో చెప్పారు. వేయించవచ్చా?

జవాబు: అన్ని సెల్స్ ఒకే రకం కొత్తవి వేసి, స్పాట్ వెల్డింగ్ చేసి, చివర్లో కెపాసిటీ పరీక్షించి చూపించేవాళ్లయితే వేయించండి. బలహీనమైన నాలుగు సెల్స్ మాత్రమే మారుస్తామన్నా, వేరే ప్యాకుల్లోంచి తీసినవి వేస్తామన్నా వద్దనండి. పాతవీ కొత్తవీ కలిస్తే చార్జింగ్ సమానంగా ఎక్కదు, లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం. వాడేసిన సెల్స్‌తో బ్యాటరీలు కట్టడాన్ని న్యూయార్క్ నగరం 2023లోనే నిషేధించింది. ఇంకో సంగతి, కొన్ని బ్యాటరీల్లో సెల్స్ విప్పగానే సెల్స్‌ని కనిపెట్టుకుని కాపాడే బీఎంఎస్ బోర్డు లాక్ అయిపోయి, మళ్లీ ఎంత బాగా కట్టినా ఆన్ కాదు. మీ మోడల్ అంతకుముందు చేశారా అని అడిగాకే ఇవ్వండి. ఇంట్లో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మీరే విప్పొద్దు.

ప్రశ్న: నా చార్జర్ పోయింది. స్నేహితుడి చార్జర్ పిన్ను సరిగ్గా పడుతోంది, వాడొచ్చా?

జవాబు: పిన్ను పట్టినంత మాత్రాన వాడకండి. మామూలు 36 వోల్టుల లిథియం అయాన్ బ్యాటరీకి 42 వోల్టుల చార్జర్, 48 వోల్టులదానికి ఎక్కువగా 54.6 వోల్టుల చార్జర్ వస్తాయి, రెండింటికీ ఒకే పిన్ను ఉండొచ్చు. రెండు చార్జర్ల వెనక స్టిక్కర్ మీద అవుట్‌పుట్ వోల్టేజీ ఒకటేనా చూడండి, ప్లస్ మైనస్‌లు అటూ ఇటూ కాకుండా ఉన్నాయో లేదో మీటర్‌తో చూపించండి. ఆంపియర్లు మీ పాతదానికంటే తక్కువుంటే ఫర్వాలేదు, చార్జింగ్ ఆలస్యమవుతుంది అంతే.